డాబా మీద సోలార్: ఎవరికి గిట్టుబాటు?

డాబా మీద సోలార్ పలకలు పెట్టించినవారు "మాకిప్పుడు బిల్లే లేదండీ" అంటుంటే, మనమూ పెట్టిస్తే పోలా అనిపించడం సహజం. కాని ఒక ఇంట్లో కలిసొచ్చిన లెక్క పక్కింట్లో కలిసిరాకపోవచ్చు. ఎండ ఇద్దరికీ ఒకటే. మరి తేడా ఎక్కడ?

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్లు ఇస్తాయి. నీడ పడని చోటు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. (రోహిణీ కార్తె ఎండకు కరెంటు మరీ ఎక్కువ వస్తుందనుకుంటారు చాలామంది. పలకకు కావలసింది వెలుతురు. వేడెక్కితే ఉత్పత్తి కొంత తగ్గుతుంది కూడా.)

కిటుకంతా బిల్లులోని శ్లాబుల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 గృహ టారిఫ్ ప్రకారం యూనిట్ ధర మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, ఆపైన 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. నెట్ మీటరు పెడితే మనం గ్రిడ్‌కు పంపిన యూనిట్లను మన వాడకంలోంచి తీసేస్తారు. ఆ కోత పై శ్లాబు నుంచి మొదలవుతుంది, అంటే ఖరీదైన యూనిట్లే ముందు పోతాయి.

నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటికి, ఇతర చార్జీలు వదిలేస్తే, బిల్లు రూ. 2,548. మూడు కిలోవాట్లు పెడితే 360 యూనిట్లు పోయి, కట్టవలసింది రూ. 87. ఏడాదికి ఆదా ఇరవైతొమ్మిదిన్నర వేలు. ఖర్చు రెండు లక్షలనుకుందాం. 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద సబ్సిడీ 78,000 పోతే, మిగతాది నాలుగేళ్ల పైచిలుకులో తిరిగొస్తుంది.

ఇప్పుడు వంద యూనిట్ల ఇల్లు చూడండి. బిల్లే రూ. 305. ఒక కిలోవాటుకు 70,000 అయి, సబ్సిడీ 30,000 పోయినా, మిగిలిన 40,000 రాబట్టడానికి పదకొండేళ్లు. ఈలోగా ఇన్వర్టరు మార్చాల్సి వస్తే లెక్క మళ్లీ మొదటికే!

ఏసీ ఉన్న ఇంటికి సబ్సిడీ 78 వేలు, రెండు ఫ్యాన్ల ఇంటికి 30 వేలు. చిన్న ఇంటికి కరెంటే చవగ్గా ఇస్తున్నారు కదా అనవచ్చు, నిజమే. అయినా నాకు ఇది మింగుడుపడదు. అద్దె కుంటున్నవాళ్లకు అసలు డాబాయే లేదు.

మరో సంగతి. బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లేకపోతే తీగల మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా కోత వేళ ఫ్యాను తిరగదు. తిరగాలంటే బ్యాటరీ కావాలి. ఆ ఖర్చు పై లెక్కలో కలపలేదు.