గుడి స్తంభము నుండి గ్రాఫు కాగితము వరకు

సంఘ సభ్యులకు,

కొత్త అంచు కావలెనన్నప్పుడు మనలో చాలమంది వ్యాపారి తెచ్చిన నమూనా చీరనే ముందు పెట్టుకొందురు. ఆ నమూనా తరచుగా అప్పటికే మరమగ్గము ఎక్కియుండును. దానినే చేతితో నేసి అమ్మబోయిన, ధరలో మనము నిలువలేము. కాని మనము రోజూ నడచు దారిలోనే, ఎవరును మగ్గమునకు ఎక్కించని అంచులు అనేకము కలవు. వాటిని గుర్తించి, ఫోటో తీసి, గ్రాఫుపై దించు విధానమే ఈ పాఠము.

ఇందుకు మంచి ఉదాహరణ హిందూపురము దగ్గరి లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దిలో కట్టిన వీరభద్రాలయము అది. అక్కడి లతామండపపు స్తంభములపై తీగలు, పూలు, పక్షులు చెక్కియున్నవి. లోకప్పుపై చిత్రించిన స్త్రీపురుషుల వస్త్రములలోను రకరకముల అద్దకములు, అంచులు కనబడును. నేతవారు వాటిని చూచియే లేపాక్షి అంచులు నేసిరి.

అంత దూరము పోనక్కరలేదు. కాంచీపురమువారికి వరదరాజస్వామి నూరుకాళ్ళ మండపము కలదు. బరంపురమువారు మార్గశిర గురువారములలో ఒడియా ఇండ్ల ముంగిట పిండితో వేయు ఝోటి ముగ్గులను చూడవచ్చును. రాయి నిలుచును, ముగ్గు మరునాటికి చెరిగిపోవును. కనుక దానిని ఆనాడే ఫోటో తీయవలెను.

ఫోటో తీయునప్పుడు నమూనాకు సరిగా ఎదురుగా నిలువవలెను. ఫోను వంచిన అంచు ఒకవైపు సన్నబడును. చెక్కడమునకు ఉదయము, సాయంకాలము పక్కనుండి పడు ఎండ మంచిది. నడిమధ్యాహ్నము లోతు తెలియదు. రంగుల చిత్రములను తాకరాదు, ఫ్లాషు వేయరాదు. పక్కన కొలబద్ద పెట్టి మూడు ఫోటోలు తీయుడు: మొత్తము గోడ ఒకటి, నమూనా తిరిగి మొదలగు చోటు వరకు ఒకటి, దగ్గరనుండి ఒకటి. ఊరు, చోటు, తేదీ పుస్తకములో వ్రాసికొనుడు. ఫోటో కూడదన్న గుడిలో తీయరాదు.

ఇక గ్రాఫు. అంగుళమునకు పడుగు 80 పోగులు, పేక 60 పోగులు అనుకొందము. అంగుళము చదరపు పువ్వుకు అడ్డము 80 గళ్ళు, నిలువు 60 గళ్ళు కావలెను. కాగితముపై పువ్వు అడ్డముగా సాగినట్లుండును. బట్టలో సరిగా వచ్చును. హుక్కుకు ఒక పోగు చొప్పున 120 హుక్కుల జాకార్డుపై ఒకటిన్నర అంగుళముల అంచు వచ్చును. నమూనా పొడవు 2 అంగుళములైన 120 అట్టలు పట్టును. పొడవు పెరిగినకొలది అట్టల ఖర్చు పెరుగును. ఒక పోగుకన్న సన్ననైన గీతలను వదలివేయుడు. పేక చాల పోగులపై తేలిన గాజులకు తగులుకొనును. నడుమ కట్టుచుక్కలు పెట్టుడు.

ఒక హెచ్చరిక. పూర్వుల చెక్కడము అందరి సొత్తు. కాని బస్టాండు గోడపై నేటి చిత్రకారుడు వేసిన బొమ్మ అట్టిది కాదు. 1957 కాపీరైటు చట్టము ప్రకారము ఆ హక్కు సాధారణముగా అతని జీవితకాలము, తరువాత 60 ఏండ్లు ఉండును. అనుమతి లేక దానిని నేయరాదు. మన అంచును ఇతరులు కాజేసిన మనకెట్లుండునో ఆలోచించుడు.

ఈ నెలలో ప్రతి కుటుంబము తన ఊరిలోని ఒక్క నమూనానైనను గ్రాఫుపై దించి సంఘమునకు తేవలెనని కోరుచున్నాను. పిల్లలను వెంట తీసికొనిపొండు; వారి కన్నులు చురుకైనవి.

— కార్యదర్శి