జూమ్‌ని జీమెయిల్ క్యాలెండర్‌తో కలపడం ఎలా?

తెలుగు పండితులు మన ఊరికి రావడం అరుదు. అందుకే ఆన్‌లైన్ ఉపన్యాసమైనా వదులుకోకూడదు. కానీ వాట్సాప్‌లో వచ్చిన లింక్ సాయంత్రానికి వంద మెసేజ్‌ల కింద పడిపోతుంది. దీనికి ఒక మంచి దారి ఉంది.

గూగుల్ వర్క్‌స్పేస్ మార్కెట్‌ప్లేస్‌లో జూమ్ యాడ్-ఆన్ దొరుకుతుంది. కంప్యూటర్‌లో దాన్ని ఇన్‌స్టాల్ చేసి, మన జూమ్ ఖాతాతో సైన్ ఇన్ అవ్వాలి. తర్వాత గూగుల్ క్యాలెండర్‌లో కొత్త ఈవెంట్ తెరిచి, తేదీ, సమయం పెట్టి, వీడియో కాన్ఫరెన్స్ దగ్గర జూమ్‌ని ఎంచుకోవాలి. పిలవాల్సిన వాళ్ల మెయిల్ ఐడీలు రాసి, సేవ్ చేసి పంపితే చాలు, లింక్‌తో సహా ఆహ్వానం అందరికీ వెళ్తుంది.

ఆ తర్వాత మనం సమయం మారిస్తే వాళ్ల క్యాలెండర్లలో కూడా మారుతుంది. పైగా ఎవరి దేశం గడియారం ప్రకారం వాళ్లకి కనిపిస్తుంది. మనం రాత్రి 7:30 అని పెడితే, చలికాలంలో లండన్ వక్తకి మధ్యాహ్నం 2:00 అని చూపిస్తుంది. లెక్కలు కట్టే పని లేదు.

రెండు జాగ్రత్తలు. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలే, ప్రశ్నలకి కూడా అందులోనే టైమ్ ఉంచుకోవాలి. కలిపేటప్పుడు మన క్యాలెండర్ చూడడానికి, మార్చడానికి అనుమతి అడుగుతుంది. అవసరం తీరాక గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో ఆ అనుమతి తీసేయొచ్చు. ల్యాబ్ కంప్యూటర్‌లో చేస్తే మాత్రం సైన్ అవుట్ అయ్యాకే లేవండి.