సూదిమొనతో నేర్చిన గురుతులు



ఐరోపా మ్యూజియములలో 'శాంప్లర్' అనే పాత నారబట్టలు కనిపిస్తాయి. కుట్టుపని నేర్చే బాలికలు అక్షరమాలను, పూలను, పక్షులను రంగుదారాలతో వాటిపై కుట్టేవారు. 'మాదిరి' అని అర్థమిచ్చే లతీను మాట 'ఎక్సెంప్లుమ్' నుండి ఈ పేరు వచ్చింది. తేదీ గల ఇంగ్లీషు శాంప్లర్లలో మిక్కిలి పాతది జేన్ బోస్టాక్ 1598లో కుట్టినది. 1596లో ఆలిస్ లీ అనే శిశువు పుట్టిన దినమును కూడా ఆమె అందులో కుట్టింది. అది నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో ఉంది.

ఈ బొమ్మలకు అర్థమేమి? ఇద్దరు మనుషులు కర్రకు వ్రేలాడదీసి మోస్తున్న పెద్ద ద్రాక్షగుత్తిని తీసుకోండి. హాలెండు శాంప్లర్లలో ఇది తరచుగా ఉంటుంది. మోషే పంపిన వేగులవారు కనాను నుండి తెచ్చిన గుత్తి అది (సంఖ్యాకాండము 13:23). కర్రకు వ్రేలాడే ఆ పండులో సిలువ మ్రానుపై వ్రేలాడిన క్రీస్తునాథుని శ్రీసభ పితృపాదులు చూచారు. ఇక చెట్టు, దానికి చుట్టుకొన్న సర్పము, చెరొక ప్రక్క ఆదాము, ఏవ! అక్షరము రానివారు సైతం చదువగల పాఠమిది.

అయితే ప్రతి పువ్వుకూ ఒక గూఢార్థము అంటగట్టేవారిని నేను ఒప్పుకోను. 1520లలోనే జర్మనీలో కుట్టు నమూనాల పుస్తకాలు అచ్చయ్యాయి. ఎన్నో లేళ్లు, కుందేళ్లు ఖాళీ జాగా నింపటానికే వచ్చాయి. 'పూలభాష' అనే వేడుక 19వ శతాబ్దములో ప్రబలింది. దానితో 17వ శతాబ్దపు బట్టను చదవటం తగదు. పొగ నిప్పుకు గురుతు. అది ప్రకృతి సిద్ధము, ఎవరూ నేర్పనక్కరలేదు. ద్రాక్షగుత్తి క్రీస్తుకు గురుతు కావాలంటే ఆ వృత్తాంతము చెప్పే ఇల్లు ఉండాలి, ఆ పఠనము వినిపించే గుడి ఉండాలి. తల్లి చెప్పనినాడు ఆ బిడ్డ కుట్టేది వట్టి ద్రాక్షపండ్లే.

బొమ్మలన్నిటినీ విడిచిపెట్టిన శాంప్లర్ కూడా ఒకటుంది. 1830 ప్రాంతములో ఎలిజబెత్ పార్కర్ అనే పేద పనిపిల్ల కుట్టినది. పువ్వు లేదు, పక్షి లేదు, అంచు కూడా లేదు. తెల్లని నారబట్టపై ఎఱ్ఱదారముతో అక్షరాలు మాత్రమే. వ్రాయటం రాదు గనుక కుడుతున్నానంటుంది. యజమాని క్రూరత్వము, ఆత్మహత్య తలంపు, పశ్చాత్తాపము, దేవునికి మొర, అన్నీ దారముతోనే చెప్పుకొంది. తన ఆత్మకు ఏ గతి పట్టునో అని అడుగుతుండగా వాక్యము మధ్యలోనే ఆగిపోయింది. ఆమె ఆ తర్వాత బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, 1889 వరకు జీవించింది.