పండ్ల తోటలకు చిన్న ట్రాక్టరు ఎంపిక: అశ్వశక్తికి ముందు కొలవవలసినవి

పండ్ల తోట రైతు చిన్న ట్రాక్టరు కొనదలచినప్పుడు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని అశ్వశక్తులది తీసుకోవాలి?" అనేదే. విస్తరణ సిబ్బంది కూడా చాలాసార్లు ఆ ప్రశ్నకే ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. మాగాణిలో, మెట్టలో ఈ పద్ధతి కొంతవరకు చెల్లుతుంది. అక్కడ పొలం ఖాళీగా ఉంటుంది కాబట్టి యంత్రాన్ని బట్టి పనిని మార్చుకోవచ్చు. తోటలో చెట్టు ముందే ఉంది, ఇరవై ముప్పై ఏళ్ళు అక్కడే ఉంటుంది. యంత్రమే దానికి ఒదగాలి. బత్తాయి తోటలో పెద్ద ట్రాక్టరుతో లోతుగా దున్నించిన రైతుకు ఆ ఏడాది కలుపు బెడద తీరుతుంది. తెగిన వేళ్ళ లెక్క మాత్రం తరువాత తేలుతుంది. అందువల్ల తోట ట్రాక్టరు ఎంపికలో అశ్వశక్తి చివరి అంకె కావాలి. దానికి ముందు సాలులో మిగిలిన చోటు, వేళ్ళు ఉన్న లోతు, పీటీఓ మీద పడే పని, ఏడాదికి పని గంటలు అనే నాలుగింటిని కొలవాలి.

సాలులో మిగిలిన చోటు

నాటిన దూరం వేరు, యంత్రం తిరిగే చోటు వేరు. 6 మీటర్ల దూరంలో నాటిన బత్తాయిలో చెట్టు గుబురు వ్యాసం 4 మీటర్లకు చేరితే సాళ్ళ మధ్య నికరంగా మిగిలేది 2 మీటర్లే. 45 అశ్వశక్తి ట్రాక్టర్లు సాధారణంగా 1.7 నుంచి 1.9 మీటర్ల వెడల్పు ఉంటాయి. అంటే ఇరువైపులా మిగిలేది జానెడు కన్నా తక్కువే. చోదకుడు ఎంత నేర్పరి అయినా ఆ దూరంలో కొమ్మలు చీరకుండా, కాయ రాలకుండా నడపలేడు. చిన్న ట్రాక్టర్ల వెడల్పు నమూనాను బట్టి 0.9 నుంచి 1.3 మీటర్ల మధ్య ఉంటుంది కాబట్టి అదే సాలులో ఇరువైపులా 35 సెంటీమీటర్లకు తగ్గకుండా ఎడం దొరుకుతుంది. 4.5 మీటర్ల సాళ్ళలో నాటిన దానిమ్మకు గుబురు 3 మీటర్లయితే మిగిలేది 1.5 మీటర్లు. అక్కడ 1.1 మీటర్ల లోపు వెడల్పు ఉన్న నమూనాలే పనికివస్తాయి. ఇక 3 మీటర్ల సాళ్ళలో అధిక సాంద్రతన నాటిన జామ, మామిడి తోటల్లో కత్తిరింపులు క్రమంగా చేయకపోతే చిన్న ట్రాక్టరుకు కూడా చోటు ఉండదు. అక్కడ పవర్ వీడరే తగినదని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

ఈ కొలత ఎప్పుడు తీశారన్నది ముఖ్యం. కత్తిరింపులు అయిన వెంటనే తోట విశాలంగా కనిపిస్తుంది. వానాకాలపు చిగురు వచ్చాక, కాయ బరువుకు కొమ్మలు వంగాక కొలిచినదే అసలు కొలత. చెట్ల వయసు నాలుగేళ్ళ లోపు అయితే అదే ప్రాంతంలో ఎనిమిది పదేళ్ళ తోటను చూసి కొలవాలి. అన్నింటికన్నా వెడల్పైన భాగం ట్రాక్టరు కాకపోవచ్చు, వెనుక తగిలించే రోటవేటరో, స్ప్రేయరు ట్యాంకో కావచ్చు.

నూజివీడు ప్రాంతంలోని పాత మామిడి తోటల్లో సమస్య మరో విధంగా ఉంటుంది. 10 మీటర్ల దూరంలో నాటిన ముదురు చెట్ల కింద వెడల్పుకు కొదవ లేదు, ఎత్తుకే కొదవ. నిటారుగా నిలిచిన పొగగొట్టం వంగిన కొమ్మలకు తగులుతుంది. పొగగొట్టం కిందుగా అమర్చిన, బానెట్ ఎత్తు తక్కువైన నమూనా ఇక్కడ మేలు.

మలుపు విషయంలో కరపత్రాల్లోని అంకె తరచు బ్రేకు వేసి తిప్పినప్పటిది. బ్రేకు వేయకుండా తిరిగే వ్యాసార్థాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఒక సాలు నుంచి పక్క సాలులోకి నేరుగా తిరగాలంటే అది సాళ్ళ దూరంలో సగానికి మించరాదు. 6 మీటర్ల సాళ్ళకు 3 మీటర్లన్నమాట. వెనుక లాగుడు స్ప్రేయరు ఉంటే మలుపు ఇంకా పెరుగుతుంది కాబట్టి సాలు విడిచి సాలు పట్టడమే సులువు. గట్టు పక్కన మలుపుకు చోటు వదలకుండా కంచె దాకా మొక్కలు నాటిన తోటలో ఏ ట్రాక్టరూ సుఖంగా తిరగదు. ఆ తప్పు నాటిన నాడే జరిగిపోయింది.

వేళ్ళు, నేల

నిమ్మజాతి చెట్లకు పోషకాలు తీసుకునే పీచు వేళ్ళు ఎక్కువ భాగం పైపొరలోనే ఉంటాయి. చెట్టు ముదిరే కొద్దీ అవి సాళ్ళ నడుమ భాగానికి కూడా వ్యాపిస్తాయి. నల్గొండ, అనంతపురం ప్రాంతాల ఎర్ర నేలల్లో కింద మొరం పొర ఉన్నచోట వేళ్ళు మరింత పైనే ఉండిపోతాయి. కల్టివేటరు లోతుగా దిగితే వేళ్ళు తెగి, ఆ గాయాల గుండా ఫ్యుజేరియం శిలీంధ్రం ప్రవేశించి ఎండు వేరుకుళ్ళుకు దారి ఏర్పడుతుంది. చెట్టు ఒక వైపు వాడి, ఆకు రాల్చి, విపరీతంగా పూత పూసి ఎండిపోయే దాకా రైతు దున్నకాన్ని అనుమానించడు. నీరు ఎక్కువైందనో తక్కువైందనో అనుకుంటాడు. కాబట్టి ఎక్కువ శక్తి ఉన్న ట్రాక్టరు తోటకు అదనపు లాభం కాదు. లోతుకు దింపగల శక్తి చేతిలో ఉంటే దింపడం మానవ సహజం. రోటవేటరును కూడా 8 నుంచి 10 సెంటీమీటర్లకు మించి దింపకుండా పక్క స్కిడ్లను బిగించి ఉంచాలి. ఏటా ఒకే లోతున నడిపితే కింద గట్టి పొర ఏర్పడుతుంది కనుక, వానాకాలంలో గడ్డిని దున్నకుండా మూవరుతో కోసి అక్కడే పరచడం మంచి ప్రత్యామ్నాయం. ఈ పనికి చిన్న ట్రాక్టరు చక్కగా సరిపోతుంది.

నేల గట్టిపడటం గురించి విద్యార్థులు ఒక తేడా గుర్తించాలి. పైపొర మీద పడే ఒత్తిడి ముఖ్యంగా టైరులోని గాలి పీడనాన్ని అనుసరిస్తుంది. లోతు పొరల దాకా దిగే ఒత్తిడి ఇరుసు మీది మొత్తం బరువును అనుసరిస్తుంది. వెడల్పు టైర్లు వేస్తే మొదటిది తగ్గుతుంది, రెండవది తగ్గదు. 800, 900 కిలోల చిన్న ట్రాక్టరుకు ఉన్న అసలైన మేలు ఇక్కడే ఉంది. అయితే దాని వెనుక రెండు టన్నుల కాయల ట్రాలీని తగిలించి తడి నేలలో సాలు సాలుకూ తిప్పితే ఆ మేలు పోయినట్లే. చక్రం మొదటిసారి వెళ్ళినప్పుడే నష్టంలో పెద్ద భాగం జరుగుతుంది. నల్లరేగడి తోటల్లో పిడికిట నొక్కిన మట్టి ముద్దగా నిలిచి సాగుతున్నంత కాలం ట్రాక్టరును లోపలికి పంపరాదు.

శక్తి ఎక్కడ ఖర్చవుతుంది

అంతర కృషి ఒక్కటే పని అయితే 18 అశ్వశక్తుల ట్రాక్టరు, దాని వెనుక 0.8 నుంచి 1 మీటరు వెడల్పు రోటవేటరు చాలు. మందు పిచికారీ చేరినప్పుడు లెక్క మారుతుంది. ఉదాహరణకు 6 మీటర్ల సాళ్ళు, 4 మీటర్ల ఎత్తు చెట్లు, హెక్టారుకు 1000 లీటర్ల ద్రావణం, గంటకు 4 కిలోమీటర్ల వేగం అనుకుందాం.

ద్రావణం ప్రవాహం: 1000 × 4 × 6 ÷ 600 = నిమిషానికి 40 లీటర్లు. 20 బార్ పీడనం, 80 శాతం పంపు సామర్థ్యం అనుకుంటే పంపుకు 1.7 కిలోవాట్లు, అంటే సుమారు 2.3 అశ్వశక్తులు కావాలి.

గాలి పరిమాణం: 1000 × 4 × 6 × 4 ÷ 3 = గంటకు 32,000 ఘనపు మీటర్లు. భాజకంలోని 3 అనేది ఆకు దట్టాన్ని బట్టి 2.5 నుంచి 3.5 వరకు తీసుకునే గుణకం. ఈ గాలి సెకనుకు 30 మీటర్ల వేగంతో వెలువడాలంటే, ఫ్యాను సామర్థ్యం 50 శాతం చొప్పున, సుమారు 9.6 కిలోవాట్లు లేదా 13 అశ్వశక్తులు కావాలి.

అంటే పీటీఓ దగ్గరే 15 అశ్వశక్తులు ఖర్చు. ఇంజను శక్తిలో పీటీఓకు చేరేది 85 నుంచి 90 శాతం కాబట్టి ఇంజను వద్ద ఇది 17.5 అవుతుంది. నిండు ట్యాంకును మెత్తటి నేలలో లాగడానికి మరో 4 అశ్వశక్తులు, ఎగుడుదిగుళ్ళకు, ఎండ వేడికి 20 శాతం మిగులు. మొత్తం 26 అశ్వశక్తుల దాకా వస్తుంది. 18 అశ్వశక్తుల ట్రాక్టరు కొని, తరువాత ఎయిర్ బ్లాస్ట్ స్ప్రేయరు కొన్న రైతుకు ఎదురయ్యే ఇబ్బంది ఇదే. యంత్రం ఆగిపోదు, ఇంజను చప్పుడు మాత్రం బరువెక్కుతుంది. చోదకుడు యాక్సిలరేటరు తగ్గిస్తాడు. ఫ్యాను వేగం 80 శాతానికి పడితే గాలి 80 శాతానికి, గాలిలోని శక్తి 51 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే శక్తి వేగపు ఘనానికి అనులోమంగా మారుతుంది. చెట్టు వెలుపలి ఆకు తడుస్తుంది, లోపలి కొమ్మలకు మందు అందదు. తేనెమంచు పురుగు తగ్గలేదని రైతు మందునే నిందిస్తాడు.

పాత మామిడి చెట్లకు ఈ లెక్క వర్తించదు. ఎనిమిది మీటర్ల ఎత్తుకు చిన్న ట్రాక్టరు ఫ్యాను గాలి చేరదు. అక్కడ పీటీఓతో నడిచే పంపు, పొడవాటి గొట్టాలు, చేతి గన్నులే శరణ్యం. ఆ పంపుకు నాలుగైదు అశ్వశక్తులు మించి అక్కరలేదు. చెట్టు పెద్దదైతే ట్రాక్టరు పెద్దది కావాలన్న ఊహ ఇక్కడ తలకిందులవుతుంది.

పిచికారీకి పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుండగానే ట్రాక్టరు గంటకు 3, 4 కిలోమీటర్ల వేగంతో నడవాలి. ఆ ఇంజను వేగం వద్ద గంటకు 2 నుంచి 5 కిలోమీటర్ల మధ్య కనీసం రెండు గేర్లు లేని నమూనాను తోటకు సిఫారసు చేయకపోవడమే మంచిది.

బరువు పంపకం

హైడ్రాలిక్ ఎత్తే సామర్థ్యాన్ని కరపత్రాల్లో తరచు కింది లింకుల కొసల వద్ద చెబుతారు. పనిముట్టు బరువు కేంద్రం దానికి ఎంతో వెనుక ఉంటుంది. ఎత్తగలగడం ఒక ఎత్తు, ఎత్తి నడవగలగడం మరొక ఎత్తు. 850 కిలోల ట్రాక్టరులో ముందు ఇరుసు మీద 340 కిలోలు ఉన్నాయనుకుందాం. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 1.5 మీటర్లు. 300 లీటర్ల తగిలింపు స్ప్రేయరు నిండితే మొత్తం 400 కిలోలు. దాని బరువు కేంద్రం వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల దూరంలో ఉంటే ముందు ఇరుసు నుంచి తగ్గే బరువు 400 × 1.2 ÷ 1.5 = 320 కిలోలు. ముందు మిగిలేది 20 కిలోలు! స్టీరింగు మాట వినాలంటే ట్రాక్టరు బరువులో కనీసం 20 శాతం, ఇక్కడ 170 కిలోలు, ముందు చక్రాల మీద ఉండాలి. గట్టు ఎక్కేటప్పుడు ఇటువంటి ట్రాక్టరు ముందు భాగం లేవడం ఖాయం. ఈ తరగతి ట్రాక్టర్లకు లాగుడు స్ప్రేయరు, లేదా ముందు బరువులతో పాటు చిన్న ట్యాంకు సరైనది. నాలుగు చక్రాల చోదకం ఉన్న నమూనాల్లో ముందు ఇరుసు బరువు ఎక్కువ కావడం ఒక అదనపు సౌకర్యం. వాలు నేలల్లో, తడి రేగడిలో అది తప్పనిసరి. సమతలంగా ఉన్న చల్క నేలల్లో, పొడి రోజుల్లోనే పని చేసే రైతుకు రెండు చక్రాల చోదకంతోనే గడుస్తుంది.

ఈ అంకెలన్నీ అమ్మకపు కరపత్రంలో దొరకవు. మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్రీయ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఇచ్చే పరీక్షా నివేదికలో గరిష్ఠ పీటీఓ శక్తి, ముందు వెనుక ఇరుసుల మీద బరువు, బ్రేకుతోనూ బ్రేకు లేకుండానూ మలుపు వ్యాసం, ఎత్తే సామర్థ్యం విడివిడిగా ఉంటాయి. ఆ నివేదికను చదివి రైతుకు విడమరచి చెప్పడం విస్తరణ శాస్త్రవేత్త చేయగల పెద్ద సహాయం.

గంటల లెక్క

6 మీటర్ల సాళ్ళ బత్తాయిలో ఎకరాకు సాలు పొడవు సుమారు 675 మీటర్లు. మీటరు రోటవేటరుతో సాలుకు రెండు పట్లు, నిలువు అడ్డం కలిపి మలుపులతో సహా 1.2 గంటలు పడుతుంది. పిచికారీకి ట్యాంకు నింపే సమయంతో కలిపి 0.35 గంట. పదెకరాల తోటలో ఏటా నాలుగు దున్నకాలు 48 గంటలు, ఎనిమిది పిచికారీలు 28 గంటలు, ఎరువు, కాయల రవాణా 40, గడ్డి కోత 24 అనుకుంటే మొత్తం 140 గంటలు.

ట్రాక్టరు, పనిముట్లకు కలిపి 6 లక్షల రూపాయలు, పదేళ్ళ జీవితకాలం, చివరి విలువ 10 శాతం, వడ్డీ 10 శాతం అనుకుంటే తరుగుదల 54,000, సగటు పెట్టుబడి మీద వడ్డీ 33,000, బీమా, షెడ్డు 12,000 కలిపి స్థిర వ్యయం ఏడాదికి 99,000 రూపాయలు. 140 గంటలకు పంచితే గంటకు 707 రూపాయలు. డీజిలు, చోదకుడు, మరమ్మతులు మరో 400. అద్దె రేటు గంటకు 900 అనుకుంటే, సొంత ట్రాక్టరు గిట్టుబాటు కావడానికి ఏటా 198 గంటల పని ఉండాలి. ఇదే తోటకు అది 14 ఎకరాలతో సమానం. ధరలు మారితే అంకెలు మారుతాయి, లెక్క విధానం మారదు.

పదెకరాల రైతు కొనకూడదని దీని అర్థం కాదు. మామిడి పూత దశలో తేనెమంచు పురుగు కనిపించిన వారంలో ఊళ్ళో అందరికీ ట్రాక్టరు ఒకేసారి కావాలి. అద్దె కేంద్రాల్లో దొరికే 45 అశ్వశక్తుల ట్రాక్టరు సాలులో పట్టదు. నాలుగు రోజుల ఆలస్యానికి పోయే పూత విలువ గంటకు రెండు వందల తేడాను మింగేస్తుంది. పక్క రైతుకు చెందిన నాలుగైదు ఎకరాల పని కలుపుకొంటే ఆ తేడా కూడా ఉండదు. తీసుకున్న అప్పు వాయిదాలు కట్టడానికే ట్రాక్టరును ఇసుక, ఇటుక తోలకాలకు తిప్పవలసి వచ్చే పరిస్థితి మాత్రం రాకూడదు. చిన్న ట్రాక్టరు బ్రేకులు, బరువు ఆ పనికి ఉద్దేశించినవి కావు.

భద్రత

తోటలో చోదకుని రక్షణ చట్రం కొమ్మలకు అడ్డు వస్తుందని విప్పి షెడ్డులో పడేయడం పరిపాటి. మడిచే వీలున్న చట్రం ఉన్న నమూనాను ఎంచుకుంటే ఈ సమస్య తీరుతుంది. చట్రం నిలిపి ఉన్నప్పుడు సీటు బెల్టు తప్పక పెట్టుకోవాలి. మడిచి ఉన్నప్పుడు పెట్టుకోరాదు, ఎందుకంటే బోల్తా పడితే బెల్టు మనిషిని ట్రాక్టరు కిందనే కట్టి ఉంచుతుంది. కొమ్మల కింది నుంచి గట్టు మీదికి వచ్చిన ప్రతిసారీ చట్రం మళ్ళీ లేపి నిలపాలి. పీటీఓ షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే అదే రోజు మార్చాలి. నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకు తొమ్మిది. పంచె కొసో, చీర కొంగో, తువ్వాలో చుట్టుకుంటే చేయి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. పిచికారీ సమయంలో గొట్టాలు సర్దే కూలీలు షాఫ్టు పక్కనే నిలబడతారు కాబట్టి ఈ మాట చోదకునికి మాత్రమే చెబితే సరిపోదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలో రైతులకు, చోదకులకు శిక్షణ ఇస్తారు. కొనుగోలుకు ముందే అక్కడికి పంపగలిగితే మేలు.