పాత ఫ్లాటు కొనుగోలు: పరీక్షింపవలసిన విషయాలు

ఆబిడ్స్ కూడలి నుండి నాంపల్లి స్టేషను వరకు నడిచినవారికి, కింద మల్గీలు, పైన నివాసాలు గల పాత కట్టడాలు అనేకం కనిపిస్తాయి. స్టేషను, బజారు, కళాశాల అన్నీ సమీపంలోనే ఉన్నందున మధ్యతరగతి కుటుంబాలు వీటి వైపు ఆశగా చూస్తాయి. తండ్రి ఉద్యోగ విరమణ ధనమంతా ఒక్క దస్తావేజుపై పెట్టే సందర్భం ఇది. కావున అట్టి ఫ్లాటు విలువను నిర్ణయించే పద్ధతిని విద్యార్థులు తెలుసుకొనుట అవసరం.

మొదటిది భూమి. కట్టడం ఏటేటా క్షీణిస్తుంది, భూమి క్షీణించదు. 1,200 గజాల స్థలంలో 40 సమానమైన ఫ్లాట్లు ఉన్నవనుకొందాం. ఒక్కొక్క ఫ్లాటుకు వచ్చే అవిభక్త వాటా 30 గజాలు. పాత ఫ్లాటు ధరలో స్థిరంగా నిలిచే భాగం ఇదే. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చినది. అంతకు పూర్వపు దస్తావేజులలో ఈ వాటా స్పష్టంగా వ్రాసి ఉండకపోవచ్చును. వాటా వ్రాయని ఫ్లాటు కొన్నవాడు రేపు భవనం కూలితే దేనికి హక్కుదారుడో తేల్చుకొనలేడు.

రెండవది హక్కు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టులో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం నోటిమాటతో జరిగిన హిబా, పంచుకొనని వారసత్వపు వాటాలు, పాత కిరాయిదారు హక్కులు అందులో కనబడవు. కావున వారసులందరి సంతకాలు అవసరం. భూమి వక్ఫ్‌కు చెందినదేమో కూడా విచారింపవలెను. 1995 నాటి వక్ఫ్ చట్టానికి 2013లో జరిగిన సవరణ వక్ఫ్ ఆస్తి విక్రయాన్ని నిషేధించినది. వక్ఫ్ బోర్డు కార్యాలయం నాంపల్లిలోనే ఉన్నందున ఈ విచారణకు దూరం పోనక్కరలేదు.

మూడవది కట్టడం. కాంక్రీటులోనికి తేమ చేరితే లోపలి ఇనుము తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగులగొట్టి పెచ్చులుగా రాల్చును. కొత్త రంగు దీనిని కొంతకాలం దాచగలదు. కావున స్నానాల గది కింది కప్పును, మిద్దెను వానకాలంలో చూడవలెను. ఇంజనీరు చేత పరీక్ష చేయింపవలెను.

నాల్గవది ఇరుగుపొరుగుల ఐక్యత. ఈ విషయంలో జపాను అనుభవం గమనింపదగినది. అక్కడ భూకంప నిరోధక నియమాలను 1981 జూన్‌లో కఠినతరం చేశారు. అందుచే పాత ఫ్లాటు ఆ తేదీకి ముందుదా, తరువాతదా అని కొనేవారు మొదట అడుగుతారు. మరమ్మతుల నిధి ఎంత పోగైనదో చూస్తారు. 1983లో సవరించిన వారి చట్టం పునర్నిర్మాణానికి యజమానులలో ఐదింట నాలుగు వంతుల సమ్మతిని కోరినది. ఆ సమ్మతి కుదరక జీర్ణించిన భవనాలు అక్కడ పెద్ద సమస్య అయినవి. మన నగరంలోనూ సంఘపు లెక్కల పుస్తకం, బకాయిల పట్టిక చూడకుండా ఫ్లాటు కొనరాదు. నిధి లేని సంఘంలో లిఫ్టు చెడినా, పైపు పగిలినా ప్రతిసారి తగవే.

చివరిది ఆదాయం. ఉదాహరణకు 40 లక్షల ఫ్లాటుకు నెలకు 15,000 రూపాయల కిరాయి అనుకొందాం, సంవత్సరానికి 1,80,000. ఒక నెల ఖాళీకి 15,000, నిర్వహణకు 24,000, పన్నుకు 6,000 తీసివేయగా 1,35,000 మిగులును. ఇది పెట్టుబడిపై నూటికి 3.4 మాత్రమే. రిజిస్ట్రేషను ఖర్చు, పెద్ద మరమ్మతులు కలిపితే ఇంకను తగ్గును. బ్యాంకు డిపాజిటు వడ్డీతో దీనిని పోల్చి చూడవలెను. స్వయంగా నివసించేవారికి మిగిలే కిరాయి, ప్రయాణపు ఖర్చు వేరు లాభాలు. కిరాయికే కొనేవారికి భూమి వాటా పెరుగుదలయే ఆధారం.

ఈ ఐదు పరీక్షలు బయానా ఇవ్వకముందే జరుగవలెను. ముందు తెలిసిన లోపం బేరానికి పనికివచ్చును. తరువాత తెలిసినది కుటుంబానికి భారమగును.