తంగేడును గుర్తుపడదాం, పిల్లలకూ నేర్పిద్దాం



బతుకమ్మ నాటికి తంగేడు పూలు సంచుల కొద్దీ బజారుకు వస్తాయి. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన పువ్వు ఇదే. పువ్వును బజారులో చూసిన పిల్లలు, చెట్టును మాత్రం ఖాళీ స్థలంలో గుర్తుపట్టలేకపోవచ్చు. దాని పక్కనే పసుపు పూలతో మరికొన్ని మొక్కలు కూడా ఉంటాయి. వాటిలో ఒకటి పిల్లలకు ప్రమాదకరం. అందుకే ఈ నెల పాఠం తంగేడు.

తంగేడు మన నేల మొక్క. భారతదేశం, శ్రీలంకల మెట్ట నేలల్లో, గుట్టల మీద, రోడ్ల పక్కన ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతుంది. దీని బెరడుతో తోళ్లు పదును చేసేవారు.

ఐదు గుర్తులు

1. ఆకు: ఒకే ఈనెకు రెండు వైపులా 8 నుంచి 12 జతల చిరు ఆకులు ఉంటాయి. వాటి కొసలు గుండ్రంగా ఉంటాయి. పిల్లల చేత జతలు లెక్కపెట్టించండి.

2. చెవులు: ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో రెండు చిన్న ఆకుల వంటివి ఉంటాయి. పాఠ్యపుస్తకంలో వీటిని పత్రపుచ్ఛాలు అంటారు. దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఆరిక్యులేటా అంటే చెవులు కలది అని అర్థం. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఇదే.

3. గ్రంథులు: చిరు ఆకుల ప్రతి జత మధ్య, ఈనె మీద సన్నగా నిలబడిన చిన్న గ్రంథి ఉంటుంది. భూతద్దంతో చూపించండి.

4. పువ్వు: సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పు, అంచులు ముడతలు పడిన ఐదు రేకులు. ఇందులో తేనె ఉండదు. పుప్పొడి కోసం వచ్చే నల్ల తుమ్మెదలు జుమ్మని పువ్వును అదిలించడం గమనించండి.

5. కాయ: పలుచగా, బల్లపరుపుగా, కాగితంలా ఉంటుంది. లోపల గింజలు విడివిడి గదుల్లో ఉన్నట్టు బయటికే తెలుస్తాయి.

పోలిన మొక్కలు

రోడ్ల పక్కన నీడకు పెంచే సీమ తంగేడు పెద్ద చెట్టు. దానికి ఆ చెవులు ఉండవు. రేల పూలు గుత్తులుగా కిందికి వేలాడతాయి, కాయ పొడవాటి గొట్టంలా ఉంటుంది. తగిరిసకు మూడు జతల చిరు ఆకులే ఉంటాయి.

జాగ్రత్త పడాల్సింది కసివిందతో. దీనికి సాధారణంగా 3 నుంచి 5 జతల చిరు ఆకులు, కొసలు సూదిగా ఉంటాయి. నలిపితే ఘాటైన చెడు వాసన వస్తుంది. గ్రంథి ఒక్కటే, అదీ కాడ మొదట్లో ఉంటుంది.

ఇది ఎందుకు ముఖ్యం?

ఆటల్లో కసివింద గింజలు తిన్న చిన్న పిల్లలకు మెదడు, కాలేయం, కండరాలు దెబ్బతిన్నట్టు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో వైద్యులు గుర్తించారు. కొందరు పిల్లలు చనిపోయారు. మన పొరుగున ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో 2016లో జరిగిన పిల్లల మరణాల విషయంలోనూ నిపుణులు ఈ గింజలను అనుమానించారు. దీన్ని నాటు వైద్యంలో వాడతారు కదా, పిల్లలు తిన్నా ఫరవాలేదు అనుకోకండి.

పిల్లలు అడవి కాయలు తిన్నారని తెలిస్తే, వాంతులు, మగత కనిపించేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. తిన్న కాయలు, కొమ్మ దొరికితే వెంట తీసుకెళ్లండి. వైద్యులకు అవి ఉపయోగపడతాయి.

ఈ ఆదివారం ఇంటి పని

మీ కాలనీ దగ్గరి ఖాళీ స్థలానికి పిల్లలతో కలిసి వెళ్లండి. పసుపు పూల మొక్క కనిపించగానే పేరు చెప్పేయకండి. ముందు జతలు లెక్కించి, చెవులు వెతికి, కాయ చూసి, చివర్లో పేరు రాయమనండి. ఆకు బొమ్మను నోటుబుక్కులో గీయించండి. "తెలియని కాయ నోట్లో పెట్టను" అన్న మాటను కూడా అదే పేజీలో రాయించండి.

పూలు కోసేటప్పుడు కొమ్మలు విరవకుండా, కొన్ని పూలు చెట్టుకే వదలమని చెప్పండి. కాయలయ్యేది ఆ పూలే. లేఅవుట్లు పెరిగే కొద్దీ తంగేడు పొదలకు చోటు తగ్గుతోంది. పేరు తెలిసిన మొక్కను పిల్లలు పిచ్చి మొక్క అని పీకెయ్యరు.