'గివ్ ఇన్' – అర్థవిచారం

ఆంగ్లంలో 'గివ్' అంటే ఇచ్చుట అని, 'ఇన్' అంటే లోపల అని ప్రాథమిక పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. ఈ రెండూ కలిసిన 'గివ్ ఇన్' అర్థం మాత్రం ఇవ్వడంలోనూ లేదు, లోపలా లేదు. కొంతసేపు ఎదిరించి నిలిచినవాడు ఇక నిలువలేక ఎదుటివారికి తలొగ్గడం దీని ముఖ్యార్థం. ఇట్టి జంటపదాలను వ్యాకరణవేత్తలు 'ఫ్రేజల్ వెర్బ్స్' అంటారు.

ఇవి మనకు బొత్తిగా కొత్తవి కావు. తెలుగులో 'లొంగు' అనే క్రియకు 'పోవు' చేరి 'లొంగిపోవు' అవుతుంది; ఇచట ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. ఉర్దూలో 'హార్ మాన్ లేనా' అంటారు. 'లేనా' అంటే తీసుకొనుట, కాని ఓటమిని ఒప్పుకొన్నవాని చేతికి వచ్చినదేమీ లేదు. ఒకే సంఘటనలో ఆంగ్లేయుడు ఇస్తాడు, ఉర్దూవారు తీసుకొంటారు, తెలుగువారు పోతారు! మనం క్రియకు మరొక క్రియను చేరుస్తాము, వారు ఒక చిన్న అవ్యయాన్ని చేరుస్తారు. తేడా అంతే.

'గివ్ ఇన్' వాడాలంటే ముందు ప్రతిఘటన ఉండితీరాలి. కుమార్తె కళాశాలలో చేరుతానంటే తండ్రి వద్దన్నాడు. ఆమె వారం రోజులు బతిమాలిన పిదప సరేనన్నాడు. అప్పుడు 'హర్ ఫాదర్ గేవ్ ఇన్' అనవచ్చు. అడిగిన వెంటనే సంతోషంగా అంగీకరించిన తండ్రిని గురించి అలా వ్రాస్తే ఆయనకు అన్యాయం చేసినట్లే. అక్కడ 'అగ్రీడ్' అనాలి. పొడుపుకథ విప్పలేక 'ఓడిపోయాను, నీవే చెప్పు' అనే సందర్భంలోనూ 'ఐ గివ్ ఇన్' చెల్లుతుంది.

ఎవరికి లేక దేనికి లొంగామో చెప్పాలంటే 'టు' తప్పనిసరి. తెలుగులోని 'కు' విభక్తి ఇచట మనకు తోడ్పడుతుంది. ఉర్దూ విద్యార్థి మాత్రం 'ఉస్ సే హార్ మాన్ లీ' అనే వాక్యాన్ని మనసులో ఉంచుకొని 'ఫ్రమ్' అని వ్రాసే ప్రమాదం ఉంది. 'కే ఆగే ఝుక్ జానా' అనే పలుకుబడిని తలచుకొంటే ఆ చిక్కు ఉండదు.

ఈ 'టు' జారిపోతే అర్థమే తలక్రిందులవుతుంది. 'ది స్టూడెంట్స్ గేవ్ ఇన్ ది పిటిషన్' అంటే విద్యార్థులు అర్జీని దాఖలు చేశారని. 'ది ప్రిన్సిపాల్ గేవ్ ఇన్ టు ది పిటిషన్' అంటే ప్రిన్సిపాల్‌గారు దానికి తలొగ్గారని. దాఖలు చేయుట అనే ఈ రెండవ అర్థం బ్రిటిష్ వాడుక. అమెరికనులు 'హ్యాండ్ ఇన్', 'టర్న్ ఇన్' అంటారు. ఈ అర్థంలో కర్మను మధ్యలో ఉంచవచ్చు: 'గివ్ యువర్ పేపర్స్ ఇన్'. సర్వనామమైతే మధ్యలోనే ఉండాలి: 'గివ్ దెమ్ ఇన్'.

'గివ్ అప్' దీనికి దగ్గరి బంధువు, అందుకే ఎక్కువ ప్రమాదకరం. విద్యార్థివేతనం కోరుతూ 'ఐ గేవ్ ఇన్ మై అప్లికేషన్ ఆన్ మండే' అని వ్రాస్తే దరఖాస్తు అందజేశానని అర్థం. అదే 'గేవ్ అప్' అని వ్రాస్తే దరఖాస్తును విడిచిపెట్టుకొన్నానని అర్థమై, రావలసినదీ రాకపోవచ్చు. వార్తాపత్రికల్లో 'నిందితుడు పోలీసులకు లొంగిపోయాడు' అని చదువుతుంటాము. దానిని 'గేవ్ ఇన్ టు ది పోలీస్' అనరాదు; 'గేవ్ హిమ్‌సెల్ఫ్ అప్' అనాలి. మన 'లొంగిపోవు' ఒక్కటే ఈ రెండు చోట్లా పనిచేయడం వల్ల వచ్చిన చిక్కిది.

బ్రిటన్ ప్రధాని చర్చిల్ 1941 అక్టోబర్ 29న తాను చదివిన హారో పాఠశాలలో చేసిన ప్రసంగం ఈ భేదానికి మంచి ఉదాహరణ. ఆయన 'నెవర్ గివ్ అప్' అనే ఒక్క మాట చెప్పి కూర్చున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికది పూర్తి ప్రసంగం. ఆయన మరల మరల పలికినది 'నెవర్ గివ్ ఇన్'. తన ప్రయత్నాన్ని తాను మానుకోవడం 'గివ్ అప్'. ఎదుట ఒక బలవంతుడు నిలిచి ఒత్తిడి చేస్తే వంగిపోవడం 'గివ్ ఇన్'. యుద్ధకాలంలో శత్రువు ఎదుటనే ఉన్నాడు గనుక రెండవదే తగిన మాట. పైగా ఆయన ఒక మినహాయింపు కూడా పెట్టారు: గౌరవానికి, వివేకానికి మాత్రం లొంగవచ్చునని. ప్రసంగాన్ని ఉదహరించేవారు ఈ భాగాన్ని తరచు వదలివేస్తారు.

బరువు మోయలేక వంతెన కూలితే 'గేవ్ వే'. రహదారిపై తలక్రిందులైన త్రికోణపు గుర్తుకూ ఆ పేరే. అమెరికాలో అదే గుర్తుపై 'యీల్డ్' అని ఉంటుంది.

ఇక ఈ వాక్యాలను ఆంగ్లంలోనికి మార్చి చూడండి. పిల్లవాని మారానికి తల్లి చివరకు లొంగింది. అతడు పొగత్రాగుట మానివేశాడు. వానకు పాతగోడ కూలింది. ఉర్దూ విద్యార్థులకు మరొకటి: 'ఉస్ నే అప్నీ దర్ఖ్వాస్త్ దాఖిల్ కర్ దీ'. వీటిలో 'టు' కావలసినది ఒక్కటే.